ఆకాశమునందలి యుమ్మడి చెఱువు

చెఱువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటియని మన పెద్దలు చెప్పిరి. కడుపున బుట్టిన కుమారునితో సమముగా దానిని లెక్కించుటకు దగిన కారణమే కలదు. త్రవ్వించినవాడు గతించినను ఆ చెఱువు నిలుచును. దాని నీరు త్రాగవచ్చిన బాటసారిని నీదే కులము, నీదే గ్రామమని యెవ్వరును అడుగరాదు. అట్టి చెఱువు నొకదానిని ఐరోపా ఖండపు ప్రజలు తమ పన్నుల ధనముతో ఆకాశమున నిర్మించుకొనిరి. దాని ఫలమును మన యిండ్లలో మనమును అనుభవించుచున్నాము. అయినను ఎవరు నిర్మించిరో, ఎందులకు నిర్మించిరో మనలో బెక్కండ్రకు దెలియదు. ఆ వృత్తాంతమును మన సోదరీమణులకు దెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ నిర్మాణమున రెండు భాగములు గలవు. మొదటిది దారి చూపునది. దాని పేరు గెలీలియో. రెండవది భూమిని పరికించునది. దాని పేరు కోపర్నికస్. ఇవి యిద్దఱు ఖగోళశాస్త్రజ్ఞుల నామములు. భూమియే సూర్యుని చుట్టును దిరుగుచున్నదని 1543వ సంవత్సరమున గ్రంథము ప్రకటించినవాడు కోపర్నికస్. గురుగ్రహమునకు గల నలుగురు చంద్రులను 1610లో దూరదర్శినితో గనుగొన్నవాడు గెలీలియో. ఆ చంద్రుల గతులను బట్టి సముద్రముపై నున్న నావికుడు తానున్న తావును లెక్కించుకొనవచ్చునని గెలీలియో ఆనాడే తలపోసెను. ఆకాశమును జూచి దారి దెలిసికొను ఆ యూహయే నేడు వేఱొక రూపమున ఫలించినది.

దారి చూపు గడియారములు

గెలీలియో ఉపగ్రహములు మన తలలపై 23,222 కిలోమీటర్ల యెత్తున దిరుగుచున్నవి. ఒక్కొక్కదానియందు మిక్కిలి సూక్ష్మమైన గడియారములు గలవు. "ఇప్పుడు వేళ యింత, నేనున్న చోటు ఇది" యని ప్రతి యుపగ్రహమును ఎడతెగక చాటుచుండును. ఆ చాటింపు మన చేతిలోని ఫోనును జేరుటకు బట్టిన కాలమును బట్టి ఆ యుపగ్రహ మెంత దూరమున నున్నదో ఫోను లెక్క గట్టును. మూడు దూరములు దెలిసిన తావు దెలియును. అయితే ఫోనులోని గడియారము చవుకది. దాని తప్పును దిద్దుటకు నాలుగవ యుపగ్రహము గూడ వలయును.

మన గోడగడియారము దినమున కొక నిమిషము తప్పినను వంటపని కాటంకము లేదు. ఉపగ్రహములోని గడియార మట్లు తప్పరాదు. ఏలయనగా వెలుతురును, ఈ సంకేతములును ఒక్క సెకనులో మూడు లక్షల కిలోమీటర్లు పోవును. సెకనులో పదిలక్షలవ వంతు తప్పినచో దారి మూడువందల మీటర్లు తప్పును. అందువలన హైడ్రోజను వాయువును ఆధారముగా జేసికొని పనిచేయు గడియారములను వీనియం దమర్చిరి. అవి ముప్పది లక్షల సంవత్సరములకు ఒక సెకను మాత్రమే తప్పునని వాని నిర్మాతల లెక్క.

ఈ యుపగ్రహములు మనలను జూచుచుండునేమో, మన ఆడపిల్లలు ఎచ్చటికి బోవుచున్నారో వానికి దెలియునేమో యని కొందఱు భయపడుదురు. ఆ భయము నిష్కారణము. దండోరా వేయువానికి ఎవరు విన్నారో తెలియనట్లే, ఈ యుపగ్రహమునకును తన సంకేతమును ఎవరు గ్రహించిరో తెలియదు. అది పలుకును గాని వినదు. మన జాడను ఇతరులకు జెప్పునది ఫోను, దానిలో మనము చేర్చుకొన్న సాధనములు. జాగ్రత్త పడవలసినది అచ్చటనే. ఈ భేదమును ఎదిగిన పిల్లలకు దల్లులే బోధింపవలెను.

వర్తకులు విడిచిన పని

దారి చూపు ఉపగ్రహములు అమెరికావారికి ముందే కలవు. అవియే జీపీయెస్ అను పేర బ్రసిద్ధములు. కాని వాని యాజమాన్యము అచ్చటి సైన్యమునది. 2000వ సంవత్సరము మే నెల వఱకు సామాన్యజనులకు వచ్చు సంకేతమును వారు బుద్ధిపూర్వకముగా మసకపఱచుచుండిరి. రష్యావారి ఉపగ్రహములును సైన్యము చేతిలోనివే. పరుల దీపముతో నెంతకాలము నడచుట, వారు దీపమార్పిన మన గతియేమి యని ఐరోపావారు ఆలోచించిరి. సైన్యము గాక పౌరులే నడపునట్టి దీపము తమకు వలయునని నిశ్చయించుకొనిరి. ప్రభుత్వములకు మాత్రమే ప్రత్యేకించిన గూఢసంకేతము గెలీలియోలోను ఒకటి కలదు. అయినను తక్కిన సంకేతములు సర్వజనులకును ఉచితములు.

మొదట నీ నిర్మాణపు వ్యయమున మిక్కిలి భాగమును వర్తకసంఘములు భరించునని తలచిరి. నష్టము వచ్చిన నెవరు భరింపవలెనను వాదము తెగక 2007లో ఆ యేర్పాటు భగ్నమైనది. వర్తకులను నిందించుట మాకు న్యాయముగా దోచదు. ప్రక్కయూరి చెఱువు ఊరక నీరిచ్చుచుండగా ఈ యూరి చెఱువుపై రుసుము వసూలు చేయగలవా రెవరు? లాభము లేని చోట వర్తకుడు నిలువడు. అయినను ఆ చెఱువు ఊరికి గావలసినదే. అట్టి పనులకే ప్రజాధనము. అదే సంవత్సరమున ఐరోపా సమాజము 340 కోట్ల యూరోలను తన ఖజానానుండి యిచ్చుటకు సమ్మతించెను. వ్యవసాయమునకై కేటాయించి వ్యయపడక మిగిలిన ధనమే అందు పెద్ద భాగము.

గృహిణులమగు మనకు లెక్క చూడక తోచదు గదా. 2021 మొదలు 2027 వఱకు గల యేడేండ్లకు గెలీలియో మొదలగు దారిచూపు పనులకు దాదాపు 900 కోట్ల యూరోలను, కోపర్నికస్‌కు దాదాపు 540 కోట్లను గేటాయించిరి. ఆ దేశముల జనసంఖ్య సుమారు 45 కోట్లు. పంచి చూచినచో తల కొకటికి సంవత్సరమున ఐదు యూరోలకు లోపే పడుచున్నది.

ప్రజాధనముతో జేయు పనిలో తప్పు జరిగిన, ఆ తప్పును ప్రజలకు జెప్పవలసి యుండును. 2014 ఆగస్టులో రెండు గెలీలియో ఉపగ్రహములు తప్పుదారిలో బడినవి. విచారింపగా, వానిని మోసికొనిపోయిన రాకెట్టులో ఇంధనపు గొట్టమును అతిశీతలమైన హీలియము గొట్టముతో గలిపి కట్టిరనియు, ఆ చలికి ఇంధనము గడ్డకట్టెననియు దేలినది. మజ్జిగకుండ ప్రక్కన నేమి పెట్టరాదో యెఱిగిన గృహిణికి ఈ కారణ మెంత చిన్నదో వేఱుగ జెప్ప నక్కఱలేదు. అయినను శాస్త్రజ్ఞులు ఆ రెంటిని బాఱవేయలేదు. అవి కోడిగ్రుడ్డువంటి మార్గమున నొకమాఱు భూమికి దగ్గఱగను, ఒకమాఱు దూరముగను దిరుగుటచే, భూమికి దూరమైనకొలది గడియారము వేగముగ నడచునను ఐన్‌స్టైను సిద్ధాంతమును వానితో బరీక్షించిరి. ఆ ఫలితములను 2018లో బ్రకటించిరి. 2019 జులైలో గెలీలియో సేవ యించుమించు వారము దినములు నిలిచిపోయినది. అందులకును స్వతంత్రమైన విచారణ జరిగినది.

తల్లులకు సంతోషము గూర్చు విషయ మొకటి కలదు. ఈ యుపగ్రహములకు మంత్రుల పేళ్లును, సేనాపతుల పేళ్లును బెట్టలేదు. 2011లో తొమ్మిది మొదలు పదునొకండేండ్ల వయసుగల పిల్లలకు చిత్రలేఖనపు పోటీ నడపి, దేశమున కొక్కరి చొప్పున గెలిచిన పిల్లల పేళ్లను బెట్టిరి. ఆ పేళ్లు గల మొదటి రెండును అదే సంవత్సరము అక్టోబరు 21వ తేదీన, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి నింగి కెగసినవి.

ఇంకొక గుణము. సముద్రముపై నావ మునుగునపుడును, కొండలలో దారి తప్పినపుడును ఆపన్నుడు తన యంత్రమునుండి పంపు మొఱను ఈ యుపగ్రహములు గ్రహించి రక్షకులకు జేర్చును. 2020 జనవరి మొదలు "నీ మొఱ వినబడినది" యని యా యాపన్నునికి మాఱుసంకేతము గూడ బంపుచున్నవి. సహాయము వచ్చులోగా ఆ యొక్క మాటయే ప్రాణములు నిలుపవచ్చును.

సంజయుని చూపు, జనుల చూపు

ఇక కోపర్నికస్. కురుక్షేత్రమున సంజయునకు దివ్యదృష్టి లభించెను. దాని ఫలము ధృతరాష్ట్రు డొక్కనికే. రాజు చారచక్షువని నీతిశాస్త్రములు చెప్పును. దూరమున జరుగునది చూచుట రాజుల సొత్తుగా నుండెను గాని ప్రజలది కాదు. మొన్నటివఱకు ఉపగ్రహముల చూపును ఇట్లే యుండెను. పటములను బ్రభుత్వములు దాచుకొనెను. వర్తకులు వెలకు అమ్మిరి.

1998లో ఇటలీ దేశమున బవేనో అను పట్టణమున జేరిన ఐరోపా ప్రతినిధులు భూమిని పరికించుట కొక యుమ్మడి యేర్పాటు వలయునని తీర్మానించిరి. దానినుండి పుట్టినదే కోపర్నికస్. దీని యుపగ్రహములను సెంటినెల్ అందురు; కావలివాడని యర్థము. 2014లో బోయిన మొదటి కావలివాడు రాడారుతో జూచును గాన మేఘములును, రాత్రియు వాని కడ్డు గావు. వఱద వచ్చినపుడు ఆకాశము మబ్బుపట్టియే యుండును గదా. అప్పుడే వీని యక్కఱ. 2015లో బోయిన రెండవ జాతివారు పదుమూడు విధముల కాంతిలో నేలను జూచి, పైరు పచ్చగా నున్నదో వాడుచున్నదో తెలుపుదురు. వీరికి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల చోటు ఒక్క చుక్కగ గనబడును. ఒక యింటి పెరడు అగపడును గాని పెరటిలోని మనిషి యగపడడు. గాలి కాలుష్యమును కొలుచుటకు 2017లో నొక యుపగ్రహమును, సముద్రపు మట్టమును కొలుచుటకు 2020లో నింకొకటిని బంపిరి.

2013లో ఐరోపా సమాజము చేసిన నిబంధన వీనన్నిటికంటె గొప్పదని మా యభిప్రాయము. ఈ సెంటినెల్ ఉపగ్రహములు చూచిన దంతయు, ఏ దేశమువారైనను, వెల యిచ్చుకొనక పొందవచ్చునని శాసించిరి. చూపునకు ధనమిచ్చిన ప్రజలు ఆ చూపును లోకమున కంతకు దానము చేసిరన్నమాట.

దీని ప్రయోజనమున కొక్క యుదాహరణము. స్పెయిను దేశమునకు జెందిన లా పాల్మా ద్వీపమున 2021 సెప్టెంబరు 19వ తేదీన అగ్నిపర్వతము బ్రద్దలై డిసెంబరు 13 వఱకు మండెను. కరగిన రాయి యేఱులై పాఱి దాదాపు మూడు వేల కట్టడములను గ్రమ్మివేసినది. కోపర్నికస్ విపత్సేవవారు ఆ మండుటేఱు ఎంతవఱకు వచ్చెనో, ఎన్ని యిండ్లు పోయెనో లెక్కించి, పటములు వ్రాసి మాటిమాటికి బహిరంగముగ బ్రకటించుచుండిరి. ఇల్లు విడిచి పోయిన వారికి, తమ యిల్లు నిలిచినదో లేదో యెఱుంగక గడపు రాత్రి యెట్టిదో యాలోచింపుడు. వదంతి గాక నిజము, అడుగకయే, అందఱికిని దెలిసినది.

చెఱువునకు త్రవ్వించుట యెంత ముఖ్యమో పూడిక తీయించుట యంత ముఖ్యము. 2021 డిసెంబరులో రాడారు కావలివారిలో నొకటి విద్యుత్తు చెడి మూగవోయినది. దాని చోట నూతనమైనది 2024 డిసెంబరున గాని పోలేదు. మూడేండ్లు కావలి యొంటరిదైనది. తొలిదినపు ఉత్సవము అందఱికిని గనబడును. ఏటేట పెట్టవలసిన మరామతు ధనమును గూర్చి తలచువారు గొందఱే. ఆంగ్లేయులు ఐరోపా సమాజమును వీడినపుడు కోపర్నికస్‌కు దూరమైరి. తిరిగి తమ వంతు ధన మిచ్చుటకు సమ్మతించి 2024 జనవరి 1వ తేదీనుండి మరల జేరిరి. లోపల నున్నప్పటికంటె వెలుపల నున్నప్పుడే చెఱువు విలువ బాగుగ దెలియును గాబోలు.

మనకు దీనితో సంబంధమేమి?

సంబంధము గలదు. ఐరోపావారు భూమిని బరికించు విద్యలో బరీక్షార్థము నిర్మించిన ప్రోబా అను చిన్న యుపగ్రహము 2001 అక్టోబరు 22వ తేదీన మన తెలుగునాటి శ్రీహరికోటనుండియే ఆకాశమున కేగినది. 2018 మార్చిలో భారత అంతరిక్ష శాఖయు ఐరోపావారును తమ యుపగ్రహములు చూచినదానిని పరస్పరము పంచుకొనుట కొడంబడిక చేసికొనిరి. కృష్ణా గోదావరుల డెల్టాలలోని పొలములను గూడ ఆ కావలివారు దినముల తరబడి గాంచుచున్నారు. ఆ పటములను మన కళాశాలలో జదువు బాలికయైనను ఉచితముగ దెచ్చుకొని, తన యూరి చెఱువు ఏటేట నెంత కుంచించుకొనిపోవుచున్నదో తానే కొలువవచ్చును.

మన దేశమునకును నావిక్ అను సొంత దారిచూపు ఉపగ్రహములు గలవు. అవియు మన పన్నుల ధనమే. ఆ ధనము దేనికి బోవుచున్నది, దాని ఫలము ఎవరికి దక్కుచున్నది, ఏటేట మరామతునకు దగినంత మిగులుచున్నదా యని ఇంటి జమాఖర్చు చూచు మనము దేశపు జమాఖర్చును గూడ నడుగ నేర్వవలెను. ఆ ప్రశ్నలు మగవారికి విడిచిపెట్టదగినవి కావు. సోదరీమణులారా! మీ యింట బడికిబోవు బాలికలున్నచో ఈ పటములను వారిచే దెప్పించి, మీ గ్రామమును, మీ చెఱువును వారితో గూడ వెదకి చూడుడు.