మిరపకాయ ఏల మండును?

సాయంకాలమున చిక్కడపల్లి వీథులలో మిరపకాయ బజ్జీల బాణలి పొయ్యి నెక్కగానే, అశోక్‌నగరులో ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులు పుస్తకములు మూసి అచ్చటికి చేరుదురు. ఒక్క ముక్క కొఱికి, 'నోరు మండిపోవుచున్నది' అందురు. బజ్జీ చల్లారిన పిదప తిన్నను ఆ మంట తగ్గదు. నిప్పు లేని చోట మంట యెట్లు కలిగినది?

నాలుకయందును చర్మమందును నొప్పిని తెలుపు నాడీకణముల కొనలు వ్యాపించియున్నవి. ఆ కణముల పైపొరలో అతిసూక్ష్మములగు ద్వారములు గలవు. వానిని అయాను ద్వారములందురు. ద్వారము తెరచుకొన్నచో సోడియము, కాల్షియము అయానులు లోనికి చొచ్చును. విద్యుత్సంకేతము పుట్టి మెదడును చేరును. వీనిలో టి.ఆర్.పి.వి.1 అనునది సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి తెరచుకొనును. మిరపలోని కాప్సైసిన్ కూడ దానినే తెరచును. పాపము, మెదడునకు ఈ భేదము తెలియదు! అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము 1997లో ఈ ద్వారమును కనుగొనెను. 2021లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పక్షులలోని ద్వారము కాప్సైసిన్‌కు లొంగదు. కావుననే చిలుక పండుమిరపను హాయిగా తినును.

అయితే ఈ ద్వారము ఎల్లప్పుడు ఒకే తీరున నుండదు. కాగిన నూనె చింది చేయి కాలినవానికి, తరువాత గోరువెచ్చని నీరు తగిలినను భగ్గుమనును. ఏలయన, గాయపడిన చోట బ్రాడికినిన్ అను చిన్న పెప్టైడు పుట్టును. అది 9 అమైనో ఆమ్లముల గొలుసు; దానిని గుర్తించినట్లు 1949లో బ్రెజిలు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది కణములోనికి పోదు. వెలుపలనున్న గ్రాహకమును తాకి ఊరకుండును. ఆ తాకిడికి లోపలి ఎంజైము మేల్కొని ద్వారమునకు ఫాస్ఫేటును తగిలించును. అంతట ద్వారము తక్కువ వేడికే తెరచుకొనును. నాడీకొనలు విడుచు సబ్‌స్టన్స్ పి అను మఱియొక పెప్టైడు రక్తనాళములను వ్యాకోచింపజేసి, ఆ చోటును ఎఱ్ఱబఱచి వాపు కలిగించును. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో టీకా వేయించుకొన్న బాలుని భుజము, మరునాడు చొక్కా రాచుకొన్నను నొచ్చుటకు ఇటువంటి రసాయనములే కారణము.

నొప్పిని అణచు పెప్టైడులును మన దేహమున గలవు. స్కాట్లండులో 1975లో హ్యూజెస్, కోస్టర్లిట్జ్ అనువారు కనుగొనిన ఎన్‌కెఫలిన్ అట్టిది. అది తన గ్రాహకమును తాకగా నాడీకొనలోని కాల్షియము ద్వారములు మూతపడును. నొప్పి వార్త వెన్నుపాములోనే సన్నగిల్లును. మార్ఫిను కూడ ఈ త్రోవనే పట్టును.

మరి టి.ఆర్.పి.వి.1ను పూర్తిగా మూసివేసిన తీవ్రమైన నొప్పులు పోవునుగదా? అట్టి మందులను పరీక్షించి చూచిరి. కొందఱికి దేహతాపము పెరిగెను. మఱికొందఱు కాలునంతటి వేడిని గుర్తింపజాలకపోయిరి. కావున నేటి పరిశోధకులు ద్వారమును మూయక, గాయము దానికి తెచ్చిపెట్టిన ఉద్రేకమును మాత్రము తగ్గించు మందును వెదకుచున్నారు.