దారి మళ్లిన ఉత్తరం

మా ఆడపడుచు కూతురికి ఉండే ఇల్లు ఒక్కటే, కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో. ఉత్తరాలొచ్చే చిరునామాలు మాత్రం నాలుగు. ఇంటర్‌లో తెరిచిన జీమెయిల్ ఒకటి, బి.టెక్ కాలేజీ ఇచ్చింది ఒకటి, ఎం.టెక్ విశ్వవిద్యాలయం ఇచ్చింది ఒకటి, ఇప్పుడు పరిశోధన చేస్తున్న చోట ఇచ్చింది ఇంకొకటి. "ఎందుకే ఇన్ని?" అంటే, "నేనడిగానా అత్తా? చేరిన ప్రతిచోటా అంటగడుతున్నారు" అంటుంది. నిజమే. ఫీజు రసీదు, హాల్ టికెట్టు, సెలవు కబురు అన్నీ అందులోకే వస్తాయి. అది తెరవకపోతే కాలేజీలో లేనట్టే లెక్క.

బి.టెక్ నాలుగేళ్లూ పాప మా ఇంట్లోనే ఉండి చదివింది. మా అనంతపురంలో చదువులకి కొదవ లేదు. 1946లోనే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. అదే పెరిగి పెరిగి 2008లో జె.ఎన్.టి.యు. అనంతపురంగా విడి విశ్వవిద్యాలయమైంది. 1981లో శ్రీకృష్ణదేవరాయ, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం. వానే లేదు. ఏడాది మొత్తానికీ సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు పడితే మహద్భాగ్యం. అందుకే ఇక్కడ శెనక్కాయ రైతు ప్రతివాడూ పిల్లల చదువు మీదే ఆశ పెట్టుకుంటాడు. మా అన్నయ్య, అదే మా ఆడపడుచు భర్త, ఆయనా అంతే.

పాప ఎం.టెక్‌కి వేరే ఊరు వెళ్లేటప్పుడు ఒక సలహా ఇచ్చాను. ఇచ్చింది నేనే, ఎవరి మీదికీ తోయను. మా నాన్న బడిపంతులు. రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు, ఎన్ని బదిలీలో! ఊరు మారిన ప్రతిసారీ పాత ఊరి పోస్టాఫీసులో ఒక కాగితం రాసిచ్చేవారు, మాకొచ్చే జాబులు ఫలానా ఊరికి పంపండని. వాళ్లు పాత ఊరి పేరు కొట్టేసి పక్కన కొత్త ఊరు రాసి పంపేవారు. మా అమ్మమ్మ రాసిన కార్డు మూడు ఊళ్లు తిరిగి వచ్చిందొకసారి. "నువ్వూ అట్లా అన్నీ ఒకచోటికి తెప్పించుకోరాదూ?" అన్నాను. "ఫార్వర్డింగ్ అంటారత్తా దాన్ని" అని నవ్వి, అప్పటికప్పుడే పెట్టేసింది. బి.టెక్ కాలేజీ మెయిల్‌కొచ్చేదంతా ఎం.టెక్ మెయిల్‌కి వెళ్లేట్టు. కాపీ ఎందుకు దండగ అని, పంపాక పాత పెట్టెలోంచి తీసేయమని కూడా గుర్తు పెట్టింది.

ఎం.టెక్ అయిపోయింది. కొన్నాళ్లకు ఆ విశ్వవిద్యాలయం వాళ్లు దాని మెయిల్ మూసేశారు. పాప పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడాదే ఒక పరిశోధన సంస్థకి దరఖాస్తు పెట్టింది. వాళ్ల సైటులో తన ఖాతా బి.టెక్ చివరి ఏడాది తెరిచింది. అందులో ఉన్నది పాత కాలేజీ చిరునామా. ఎంపికైనట్టు కబురు ఆ చిరునామాకే వచ్చింది. అక్కణ్ణించి మూసేసిన పెట్టెకి పరిగెత్తింది. ఇక్కడి కాపీ చెత్తబుట్టలో పడింది. చెత్తబుట్టలో ముప్ఫై రోజులే ఉంటుంది. పాప ఫోన్ చేసి అడిగేసరికి నలభై రోజులు. "మేము రెండుసార్లు రాశామమ్మా, జవాబు లేకపోతే తరువాతి వాళ్లకి ఇచ్చేశాం" అన్నారట.

2023లో కేంద్రం పెంచాక జె.ఆర్.ఎఫ్. విద్యార్థికి నెలకు 37,000 రూపాయలు. ఆరెకరాల శెనక్కాయ ఎండిపోయిన ఏడు ఆ మాట వినడం ఎట్లా ఉంటుందో చెప్పలేను. అన్నయ్య ఏమీ అనలేదు. "పోనీలే పాపా" అని బయటికెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పోస్టాఫీసు సలహా నాదే కదా!

పోస్టాఫీసులో మనిషి ఉంటాడు. "మేష్టారు ఆ ఊర్నించి కూడా వెళ్లిపోయారు" అని ఎవరో ఒకరు చెబుతారు. యంత్రం చెప్పదు, చెప్పినా మనం చూడని చోట చెబుతుంది. తరువాత పాప దగ్గర కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. విశ్వవిద్యాలయాలు పాత విద్యార్థుల పెట్టెలు ఎందుకు మూస్తాయంటే, గూగుల్ వాళ్లు విద్యాసంస్థలకి అంతులేని చోటు ఉచితంగా ఇవ్వడం మానేస్తామని 2021లో చెప్పేశారు. 2022 నుంచి సంస్థ మొత్తానికీ కలిపి మామూలుగా వంద టెరాబైట్లే. వేలమంది పిల్లలున్న చోట వెళ్లిపోయినవాళ్లవి తీసేయక ఏం చేస్తారు? కొన్ని సంస్థలైతే బయటికి ఫార్వర్డ్ చేయడాన్నే ఆపేస్తాయి, రహస్యాలు జారిపోతాయని. అట్లా మళ్లించిన ఉత్తరాలు ఒక్కోసారి స్పామ్‌లో పడేది కూడా ఇందుకే: ఉత్తరం ఒకరిది, మోసుకొచ్చింది ఇంకొకరు, పోలిక కుదరక అవతలి యంత్రం అనుమానిస్తుంది.

ఇంకో తిరకాసు జవాబుది. మళ్లించిన చోటినుంచి రాస్తే కొత్త పేరుతో పోతుంది, ప్రొఫెసరుగారు "ఎవరీ అమ్మాయి?" అనుకుంటారు. స్వయం కోర్సులవాళ్లకీ ఇదే గొడవ. చేరిన మెయిల్ ఒకటి, పరీక్షకిచ్చింది ఇంకొకటి అయితే సర్టిఫికెట్టు దగ్గర తంటా.

మీ ఇంట్లో పిల్లలు కాలేజీ వదిలే ఏడాదైతే ఒక్కమాట చెప్పండి. ఎప్పటికీ మనదైన మెయిల్ ఒకటి పెట్టుకుని, కాలేజీవన్నీ నేరుగా దానికే మళ్లించుకోమనండి. ఒకదాన్నించి ఇంకోదానికి, దాన్నించి మరోదానికి గొలుసు కట్టొద్దు. కాపీ పాత చోట ఉండనివ్వాలి. వెళ్లేముందు బ్యాంకులో, స్కాలర్‌షిప్ సైట్లలో, దరఖాస్తుల్లో చిరునామా మార్చుకోవాలి, అన్నిటికన్నా అసలు పని అది. మన సొంత మెయిల్ కూడా రెండేళ్లు ముట్టుకోకపోతే గూగుల్ తీసేయవచ్చు, అది వాళ్లు 2023లో పెట్టిన నియమం.

పాపకి మరుసటేడు వేరేచోట సీటొచ్చింది. ఈసారి కబురు నేరుగా సొంత మెయిల్‌కొచ్చింది. ఓళిగలు చేశాను. మా వంటింటి క్యాలెండరులో గ్యాసు తేదీ, పాలవాడి లెక్క పక్కన ప్రతి ఒకటో తారీఖునా "పాప పాత మెయిల్" అని రాసి ఉంటుంది. మొన్న నేను ఫోన్ చేయకముందే తనే చేసింది. "చూశానత్తా, ఏమీ లేవు. కాలేజీ లైబ్రరీవాళ్లు మాత్రం ఒక పుస్తకం ఇంకా ఇవ్వలేదంటున్నారు. మీ ఇంట్లో అటక మీద ఉందేమో చూస్తావా?"