ఎరిగియు మరచిన జ్వరము

అండమాను దీవులలో ఒకే వ్యాధిని శాస్త్రము రెండుమారులు కనుగొనవలసి వచ్చెను. మొదటిమారు కనుగొన్నది ప్రజలకు చేరకపోవుటయే అందులకు కారణము.

పోర్టుబ్లెయిరు శివారులలోని ఆస్టినాబాదు వంటి చోట్ల మే నెలలో పట్టిన వాన డిసెంబరు దాక పూర్తిగా విడువదు. నైరృతి ఋతుపవనము వెనుదిరుగుటయే తడవుగా ఈశాన్యము అందుకొని, ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షమును ఈ నేలపై కుమ్మరించును. పొలము గట్టును, పశువుల పాకయు, పెరటి కాలువయు, బడికి పోవు బాటయు ఒక్క నీటిలోనే తడియు ఈ సీమలో, 2024 నుండి శ్రీవిజయపురమని వ్యవహరింపబడుచున్న పోర్టుబ్లెయిరు నగరపు డాలీగంజిలో, భారత వైద్య పరిశోధన మండలి 1983లో స్థాపించిన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రము కలదు. ఆ కేంద్రమునకు పేరు తెచ్చినది ఒక జ్వరము.

పేరులేని మృత్యువు

1988 మొదలుకొని, వానలు వెనుకబట్టి వరి కోతకు వచ్చు మాసములలో, దీవులలో ఒక జ్వరము తలయెత్తసాగెను. తలనొప్పి, పిక్కలు పట్టుకొనిపోవుట, కన్నులెర్రబారుట — ఇంతవరకు ఏ విషజ్వరముననైనను ఉండునవే. కాని కొందరికి దగ్గుతో నెత్తురు పడి, ఊపిరి సలుపక ప్రాణము పోవుచుండెను. మూలమెరుగని వైద్యులు దానిని అండమాను రక్తస్రావ జ్వరమని పిలిచిరి. 1993లో ఉత్తర అండమానులోని డిగ్లీపురున అది విజృంభించినపుడు పోర్టుబ్లెయిరు పరిశోధకులు రోగుల రక్తమును పరీక్షించి, అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చి, 1995లో ఆ సంగతిని ప్రకటించిరి.

విచిత్రమేమనగా, ఆ గుట్టు అంతకు అరువదియేండ్లకు పూర్వమే విప్పబడియుండెను. అడవులు కొట్టి పొలములు చేయుటకు నియుక్తులైన కాలాపానీ ఖైదీల జ్వరములను శోధించి, టేలరు, గోయలు అను ఇరువురు వైద్యశాస్త్రజ్ఞులు, లెప్టోస్పైరా అను సూక్ష్మజీవియే అందులకు హేతువని 1931లో సవివరముగా వెల్లడించియుండిరి. లెప్టోస్పైరాలలో ఒక రకమునకు ‘అండమానా’ అను పేరు నేటికిని ప్రయోగశాలలలో చెల్లుచున్నది. పేరు ప్రయోగశాలలలో నిలిచెను గాని, తెలివి పల్లెలలో నిలువలేదు. ఖైదీల కాలము గడచెను. 1942 నుండి 1945 వరకు జపానువారి ఆక్రమణ సాగెను. దేశ విభజనానంతరము తూర్పు బెంగాలు నుండి కాందిశీకులు వచ్చి పొలములు దున్నిరి. భూమి వారికి సంక్రమించెను గాని, ఆ భూమిని గూర్చిన వైద్యవిజ్ఞానము సంక్రమింపలేదు.

చీకటిలో మెరయు పోగులు

ఈ క్రిమి ఎలుకలు, పందికొక్కుల మూత్రపిండములలో నివసించి, వాటి మూత్రముతో నీటబడి, మన కాలి పగుళ్ల ద్వారా, గీరుకొన్న గాయముల ద్వారా ఒంటిలో ప్రవేశించును. పశువులును, పందులును, కుక్కలును దీనిని మోయగలవు. దీనిని నిర్ధారించు విధానము చూడదగినది. రోగి రక్తపు రసిని పలుచన చేయుచు, ఒక్కొక్క మోతాదునందు సజీవములైన లెప్టోస్పైరాలను కలిపి, నల్లని నేపథ్యము గల సూక్ష్మదర్శిని క్రింద పరికింతురు. కొనలు కొక్కెములవలె వంగిన సన్నని వెండిపోగులు గిరగిర తిరుగుచు కానవచ్చును. రక్తమునందు వాటిని ఎదుర్కొను ప్రతిరక్షకములున్నచో, ఆ పోగులు ఒకదానికొకటి చిక్కుకొని గుంపులు కట్టును. ఎంతవరకు పలుచన చేసినను సగము పోగులు చిక్కుపడుచుండునో, ఆ మేరనుబట్టి ఫలితము నిర్ణయింతురు.

ఇట్లు పరీక్షింపగా, అపాయకరమైన వృత్తులలోని వ్యవసాయ కార్మికులలో నూటికి 62.5 మందికి ఆ క్రిమి సోకిన జాడ కలదని 2006లో వెలువడిన అధ్యయనము తెలిపెను. మందుతో దీనిని నివారింపవచ్చునా యని అంతకుముందే, 782 మందిపై పండ్రెండు వారముల పరీక్ష జరిగెను. వారమునకొకమారు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ పుచ్చుకొన్నవారిలో 3.11 శాతము, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో 6.82 శాతము జబ్బుపడిరి. కాని క్రిమి సోకుటలో మాత్రము ఇరుపక్షములకు చెప్పుకోదగిన భేదము కానరాలేదు. మందు జబ్బును తగ్గించెను గాని, బురదను ఆపలేదు.

నమ్మకమునకును కారణమున్నది

బురదలో దిగువాడు ఏమి తలచుచున్నాడన్నది కావున ముఖ్యమగుచున్నది. 2011 జనగణన ప్రకారము ఈ దీవులలో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. వారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వచ్చినవారే. కన్నులు పచ్చబారినచో పసరు పోయించుకొని, పథ్యము పట్టి ఊరకుండుట మనవారి ఆచారము. పచ్చకామెర్లలో పెక్కు తమంతట తామే తగ్గునట్టివగుటచేత, తగ్గిన ప్రతిమారు కీర్తి పసరునకే దక్కినది. అయితే ఈ జ్వరమున కన్నులు పచ్చబారుట కాలేయమును, మూత్రపిండములును దెబ్బతినుచున్నవనుటకు సూచన కావచ్చును. అట్టివేళ ఆలస్యము ప్రాణాంతకము. అట్లే వరిమడిలో చెప్పులు లేక దిగుట అజ్ఞానము కాదు. బూటు బురదలో కూరుకొనిపోవును. నాటువేయు ఆడుదానికి కాలివ్రేళ్లే ఆధారము. ఈ అనుభవమును గుర్తింపక ‘బూట్లు తొడుగుడు’ అని గోడమీద వ్రాసినంతమాత్రమున ఎవరును తొడుగరు. గాయమున్ననాడు మడిలో దిగవద్దనియు, ధాన్యము గాదెల చెంత ఎలుకలను చేరనీయవద్దనియు చెప్పినచో ఆచరణకు వచ్చును.

పరిశోధనాలయమున పుట్టిన విద్య బడిలో అడుగిడి, ఇంటి మాటగా మారినగాని లోకమునకు దక్కదు. 1931 నాటి గ్రంథమే అందులకు సాక్షి. ఈ దీవులలో తెలుగు మాధ్యమపు పాఠశాలలు కలవు. బెంగాలీ, తమిళ, హిందీ బడులును కలవు. వానలు పట్టకమునుపే ఈ పాఠమును ఆయా భాషలలో పిల్లలకు చెప్పుట ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కాదు. ఇక పాఠకులకొక మాట: నీటిలో, బురదలో తిరిగిన కొలదినాళ్లకు జ్వరము వచ్చినచో, వైద్యునికి జ్వరముతోపాటు ఆ బురద సంగతిని కూడ తప్పక చెప్పుడు.