ఒట్టి మనిషి కాదు

నెల తప్పిందని తేలిన మర్నాటి నుంచి ఆడపిల్లకి ఇంట్లో కొత్త బిరుదొకటి వస్తుంది: ఒట్టి మనిషి కాదు. ఒట్టి మనిషివి కావు, మెట్లెక్కకు. ఒట్టి మనిషివి కావు, గ్రహణం పూట బయటికెళ్లకు. ఒట్టి మనిషివి కావు, ఆ బొప్పాయి ముక్క అక్కడ పెట్టు. ముచ్చటైన మాటే, కాదనను. కాకపోతే అదెప్పుడూ ఏదో ఒకటి వద్దని చెప్పడానికే వస్తుంది. ‘ఒట్టి మనిషివి కావు కదా, ఎలా ఉందో చెప్పు’ అని కూర్చోబెట్టి అడిగినవాళ్లని నేను పెద్దగా చూడలేదు. తనంతట తను చెప్పబోతే, ‘మేమూ కన్నాం నలుగుర్ని’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

మా అక్క కూతురికిప్పుడు ఏడో నెల. కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు ఫ్లాటు, ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మొన్నొక రాత్రి పన్నెండు దాటాక ఫోన్ చేసింది. “పిన్నీ, పడుకుంటే గొంతు దాకా మంట. లేచి కూర్చుంటే నడుం. సోఫాలో సగం కూర్చుని సగం పడుకుని ఉన్నా. ఇదంతా మామూలేనా?”

మామూలే. మామూలు గనక నోరు మూసుకుని పడాలా అంటే, అక్కర్లేదు. ఈ తొమ్మిది నెలల్లో వచ్చే బాధల్లో కొన్ని ఓర్చుకుంటే పోయేవి, చాలావాటికి తేలికైన ఉపాయాలున్నాయి, కొన్ని మాత్రం అసలు మామూలువే కావు. మూడింటినీ ఒకే గాటన కట్టేయడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

తాలింపు పడదు, సబ్బు పడదు

మన సినిమాల్లో గర్భం అంటే ఒక వాంతి, నాడి పట్టుకుని నవ్వే డాక్టరు, పాట పూర్తయ్యేసరికి ఉయ్యాల. నిజం వేవిళ్లు అలా ఉండవు. ఆరో వారం ప్రాంతంలో మొదలవుతాయి, చాలామందికి పన్నెండు నుంచి పదహారో వారం లోపు తగ్గుతాయి, కొందరిని ఆ తర్వాతా వదలవు. పొద్దున్నే వస్తాయని పేరు గానీ వాటికి వేళాపాళా ఉండదు. మా పిల్లకి ముందు తాలింపు వాసన పడలేదు. తర్వాత మొగుడి సబ్బు. ఆ తర్వాత లిఫ్టు. లిఫ్టుకి వాసనేమిటే అంటే, “పై అంతస్తువాళ్ల చేపల పులుసు అందులోనే దిగుతుంది పిన్నీ” అంది. రెండు నెలలు ఐదంతస్తులూ నడిచే ఎక్కింది. మెట్లెక్కకని ఫోన్లో జాగ్రత్తలు చెప్పిన వాళ్లెవరికీ ఆ లిఫ్టు సంగతి తెలియదు.

ఈ వికారం ఎందుకో చాలాకాలం సరిగ్గా తేలలేదు. తేలనిదాన్ని ఆడవాళ్ల మనసు మీదికి నెట్టడం వైద్యానికీ కొత్త కాదు. అమెరికా జన్యు శాస్త్రవేత్త మార్లీనా ఫెజ్జో 1999లో గర్భంతో ఉండగా గుక్కెడు నీళ్లు కూడా లోపల నిలవనంత వాంతులు పడ్డారు. నలుగురూ తనని పట్టించుకోవాలని ఎక్కువ చేస్తోందని ఆమె డాక్టరు అనుకున్నారు. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఆమె తన పరిశోధనంతా దీని మీదే పెట్టారు. 2023 డిసెంబరులో ఆమె, కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు కలిసి ‘నేచర్’ పత్రికలో జవాబు ప్రచురించారు. గర్భంలో బిడ్డ వైపు నుంచి, అంటే ముఖ్యంగా మాయ నుంచి, జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్లకి ఈ వరద ఒక్కసారిగా అలవాటు కాదు, వికారం తీవ్రంగా ఉంటుంది. మొదటి నుంచీ ఎక్కువగా ఉన్నవాళ్లకి అంత ఇబ్బంది ఉండదు. ‘మా కోడలిది మరీ సుకుమారం’ అనే అత్తగార్లకి ఈ ముక్క చదివి వినిపించొచ్చు.

ఉపాయాలు పాతవే, పనిచేస్తాయి. కడుపు ఖాళీగా ఉంటే వికారం ఎక్కువవుతుంది కనక మంచం దిగకముందే గుప్పెడు మరమరాలో రెండు బిస్కెట్లో నమలాలి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. నీళ్లు భోజనంతో కాకుండా మధ్యమధ్యలో గుటకలుగా తాగాలి. అల్లం కొంతమందికి పడుతుంది. వంట కొన్నాళ్లు వేరెవరైనా చేయాలి. ఇది సలహా కాదు, వైద్యంలో భాగమే అనుకోండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్లు రాసే విటమిన్ బి6, డాక్సిలమిన్ కలిసిన మాత్ర ఉంది, ఏళ్ల తరబడి గర్భిణులు వాడుతున్నదే. మందు వేసుకుంటే బిడ్డకేమవుతుందోనన్న భయంతో నెలల తరబడి నరకం పడనక్కర్లేదు. నీళ్లు కూడా ఇమడకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఇంట్లో కూర్చోకూడదు. సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు.

ఇక ఎర్ర మాత్ర. అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో ఇచ్చే ఈ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువుంటే గర్భిణికి రక్తహీనత కిందే లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా ఆ గీత కిందే ఉన్నారు. మాత్రలు అందకే కాదు, అందినవి మింగక కూడా. నోరంతా ఇనుప రుచి, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం. నల్లగా వస్తే భయం లేదని ముందే చెబితే సగంమంది మానేయరు. ఎవరూ చెప్పరు. భోజనమైన గంటకి నిమ్మరసంతో వేసుకుంటే మేలు, టీతోనో పాలతోనో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి.

అన్నట్టు, రహస్యంగా బలపాలు, సుద్ద, పచ్చి బియ్యం, మట్టిబెడ్డలు తినేవాళ్లుంటారు. ‘కడుపులో వాడి కోరికలే’ అని మురిసిపోతాం. ఆ కోరిక వెనక చాలాసార్లు ఉండేది రక్తహీనత. ముద్దు చేయకుండా, తిట్టకుండా, రక్తపరీక్ష చేయించాలి.

మంట, నడుం, పిక్కలు

గుండెల్లో మంటకి కారణం ఊహించినంత వింతేమీ కాదు. గర్భసంచిని బిగుసుకోకుండా ఉంచే ప్రొజెస్టరోన్, అన్నవాహిక కింద ఉండే బిగింపునీ సడలిస్తుంది. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి జీర్ణకోశాన్ని పైకి నెడుతుంది. పుల్లటి నీళ్లు పైకి తన్నుతాయి. రాత్రి భోజనానికీ పక్కకీ మధ్య రెండు మూడు గంటలు ఎడముండాలి. తలదిండు ఒకటి ఎక్కువ వేస్తే సరిపోదు, భుజాల కింద నుంచీ ఎత్తు రావాలి. మా పిల్ల భర్త మంచం తల వైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాడు. ఆ రాత్రి నుంచి సోఫా వదిలింది. మంట తగ్గించే మందులూ ఉన్నాయి, అడిగితే రాసిస్తారు.

ఆరో నెల దాటాక వెల్లకిలా కంటే పక్కకి తిరిగి పడుకోవడం మంచిది; ఎడమ వైపైతే మరీ మేలు. పొట్ట కింద చిన్న దిండు, మోకాళ్ల మధ్య ఇంకోటి. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే కాలివేళ్లని మోకాలి వైపు లాగి పట్టుకోవాలి. నడుంనొప్పికి నడక, ఎత్తు మడమల్లేని చెప్పులు.

మామూలు కానివేవో కూడా గట్టిగా చెప్పుకోవాలి. పాదాల వాపు సాయంత్రానికి రావడం సహజం. పొద్దున లేచేసరికే ముఖం, చేతులు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోవడం, వదలని తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు, పొట్ట పైభాగంలో నొప్పి, వీటిలో ఏది కనబడినా బీపీ చూడాలి. 140/90కి చేరిందంటే ఇక ఇంటి చిట్కాలు కట్టిపెట్టాలి. ఒంటి దురద మామూలే. అరచేతులూ అరికాళ్లూ దద్దుర్లేమీ లేకుండా రాత్రిళ్లు దురద పెడితే కాలేయ పరీక్ష చేయించాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ కదలిక తగ్గినట్టనిపిస్తే ‘పడుకున్నాడేమోలే, రేపు చూద్దాం’ అనుకోకూడదు, ఆ పూటే వెళ్లాలి. నా రెండో కాన్పుకి ముందు ఇదే అనుమానంతో ఒక ఆసుపత్రికెళితే, వరండాలో రెండు గంటలు కూర్చోబెట్టి ‘చదువుకున్నవాళ్లకే ఇన్ని అనుమానాలు’ అన్నారు. అదృష్టం, అంతా బాగానే ఉంది. అయినా ఆ మాట విన్న సిగ్గుతో మిగిలిన నెల్లో ఇంకే అనుమానమూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

సంచీ కన్నా ముందు

బిడ్డ కోసం ముందే ఏదీ కొనకూడదంటారు మన ఇళ్లలో. ఒకప్పుడు ఎందరో పురిట్లోనే పోయిన రోజుల్లోంచి వచ్చిన భయం అది, వెక్కిరించబుద్ధి కాదు. అటు ఆన్‌లైన్ అంగడి చూస్తే తడి తుడుపు కాగితాల్ని వెచ్చబెట్టే యంత్రం కూడా అత్యవసరమే అంటుంది. నిజానికి పసికందుకి మొదటి నెల కావలసింది మెత్తటి నూలు బట్టలు, ఒక దుప్పటి, టోపీ, అమ్మ ఒడి. ఆసుపత్రికి తీసుకెళ్లే సంచీలో తల్లికి ముందు బొత్తాలున్న నైటీలు, ప్యాడ్లు, చెప్పులు, ఫోన్ చార్జరు, స్కాన్‌లూ రక్తపరీక్షలూ ఉన్న ఫైలు, ఆధార్. అంతే.

సంచీ కన్నా ముందు సర్దుకోవాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి రెండింటికి నొప్పులొస్తే బండి ఎవరిది? రక్తం కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి? మొదటి కాన్పైతే నొప్పులు ఐదు నిమిషాలకోసారి, నిమిషం పాటు, గంటసేపు ఆగకుండా వచ్చేదాకా సాధారణంగా వ్యవధి ఉంటుంది. అటూ ఇటూ నడిస్తే సర్దుకునేవి దొంగనొప్పులు. నగరంలో ఈ లెక్క సరిపోతుంది. రోడ్డు లేని మన్యం గూడేల్లో సరిపోదు. అక్కడ గర్భిణిని డోలీలో మోసుకుని కొండ దించాల్సి వచ్చిన వార్తలు చదువుతూనే ఉన్నాం. అందుకే సాలూరులో గిరిజన గర్భిణుల వసతి గృహం పెట్టారు. నెలలు నిండే ముందే వచ్చి, అక్కడే తిని, పడుకుని, నొప్పులు మొదలవగానే దగ్గరి ఆసుపత్రికి వెళతారు. కాన్పుకి సిద్ధపడటం అంటే ఏమిటో నాకు అంతకన్నా సూటిగా ఎక్కడా కనబడలేదు: ఆసుపత్రి కొండెక్కి రానప్పుడు తల్లినే ముందుగా దించడం.

ఎలా కనాలన్నది కూడా ముందే మాట్లాడుకోవాల్సిన సంగతే. 2019-21 నాటి ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు; దేశం మొత్తం మీద 21.5 శాతమే. అవసరమైన చోట ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, దానికి సిగ్గుపడే పని లేదు. ముహూర్తం కోసమో, నొప్పులంటే భయంతోనో అయితే మాత్రం డాక్టర్ని ఏడో నెలలోనే అడగాలి: ‘నాకు మామూలు కాన్పు ఎందుకు కాదు?’ ఆ భయం పోవాలంటే నొప్పుల గదిలో పక్కన మనిషి ఉండాలి. 2017లో కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది ఆ ఆలోచనతోనే.

ఇంటికొచ్చాక

మన పురుటి గది ఆచారాల్లో నాకు నచ్చేది ఒకటుంది: బాలింతని ఎవరూ పని అడగరు. వేణ్నీళ్ల స్నానం, ఒంటికి నూనె, వేళకి అన్నం. అది పోనివ్వకండి. పోవాల్సింది మాత్రం దాహం వేస్తున్నా నీళ్లివ్వని పథ్యం, మే నెలలో ఫ్యాను కట్టేసిన గది. పాలిచ్చే తల్లికి నీళ్లూ కావాలి, పప్పూ ఆకుకూరా గుడ్డూ కావాలి. బిడ్డకి గంటలోపు ముర్రుపాలు పట్టాలి. తేనె నాకించడం, వస పోయడం, కళ్లకి కాటుక పెట్టడం, ఈ మూడూ వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే, ఎండాకాలమైనా చెంచాడు నీళ్లు కూడా అక్కర్లేదు. పాలు చాలడంలేదేమోనని అందరికీ బెంగే. నాలుగైదు రోజుల తర్వాత రోజుకి ఆరు పక్కగుడ్డలు తడుస్తున్నాయంటే చాలుతున్నట్టే.

మూడో రోజో నాలుగో రోజో తల్లికి ఊరికే ఏడుపొస్తుంది. హార్మోన్లు దిగిపోవడం వల్ల చాలామందికి వచ్చేదే, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకుండా, బిడ్డ మొహం చూడబుద్ధి కాక, నిద్ర పట్టక, బతుకే వద్దనిపిస్తుంటే అది జబ్బు. దిష్టి తీస్తే పోదు. డాక్టరుకి చెప్పాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

చట్టం ఉద్యోగినికి మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల జీతంతో సెలవిస్తుంది, అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి మాత్రం చట్టం ఒక్కరోజూ ఇవ్వలేదు. మా పిల్ల భర్త మూడేళ్లుగా మిగిల్చుకున్న సెలవులన్నీ కూడబెట్టి నెలరోజులు అడిగాడు. ‘నువ్వేం చేస్తావ్ ఇంట్లో?’ అన్నాడట మేనేజరు.

పోయిన ఆదివారం మా అమ్మ తెనాలి నుంచి పాత నేత చీరలు ఆరు పట్టుకొచ్చింది. ఉడకబెట్టి, నీడన ఆరేసి, కూకట్‌పల్లి హాల్లో చాప మీద కూర్చుని పక్కగుడ్డలకి చింపుతోంది. ముందే కొనకూడదు గానీ చింపకూడదని శాస్త్రంలో లేదట. మనవరాలు పక్కన దిండ్లకి ఆనుకుని మజ్జిగ తాగుతూ అడిగింది, “అమ్మమ్మా, నీకూ ఇలా గుండెల్లో మంట వచ్చేదా?”

“రాకేం? మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు రాత్రిళ్లు వాకిట్లో అరుగు మీద కూర్చునేదాన్ని తెల్లారేదాకా.”

“మరి తాతయ్యకి చెప్పలేదా?”

“ఎవరన్నా అడిగితే కదే” అంటూ మా అమ్మ చీర అంచు పంటితో కొరికి, బర్రున చింపింది.