గంట వినబడే ఇళ్లు

ఫైరింజను పోతుంటే పిల్లలు కిటికీ దగ్గరకు పరుగెత్తుతారు. పెద్దలు "ఎవరిల్లో పాపం" అనుకుంటారు. మలుపు తిరిగి గంట వినబడకపోతే అంతటితో మరచిపోతాము. ఆ బండి మీద పోయేవారి సంసారం ఎట్లా వుంటుందో చూడాలని బుద్ధి పుట్టి, ఈ మధ్య ముంబయిలో - మన పెద్దవాళ్లకు అది ఇప్పటికీ బొంబాయే - బైకల్లాలోని అగ్నిమాపక దళం కేంద్రానికి వెళ్లాము.

అక్కడికి కామాటిపురా నడిచిపోయేంత దూరమే. తెలుగునాటి నుంచి కట్టడపు పనులకు వచ్చిన కామాటీల వల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చిందని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ పేటలో పుట్టి పెరిగి ఈ దళంలో చేరిన తెలుగు యువకుడొకరు మాకు తోడు వచ్చారు. పేరు మాత్రం వేయవద్దన్నారు. "మా అమ్మ ఎవరితోనైనా చదివించుకోని వింటది సార్. అటెన్క నన్ను డ్యూటీకి పోనియ్యది" అని నవ్వారు.

ముంబయి ఫైర్ స్టేషన్లలో చాలాచోట్ల సిబ్బంది కుటుంబాలు ఆ ఆవరణలోనే కాపురముంటాయి. కాబట్టి గంట ఒక్క భర్తకే కాదు, భార్యకూ, పరీక్షకు చదువుకునే పిల్లకూ, మంచాన వున్న ముసలమ్మకూ వినబడుతుంది. మాకు టీ ఇచ్చిన ఒక మరాఠీ ఇల్లాలు చెప్పింది: గంట మోగగానే ఆమె ముందు స్టవ్ కట్టేస్తుంది, తరువాత కిటికీలోంచి బండ్లు లెక్కపెడుతుంది. ఒక్క బండి పోతే చిన్నది. దాని వెనుకనే నిచ్చెన బండీ, నీళ్ల ట్యాంకరూ బయలుదేరితే ఆ పూట వండిన అన్నం చల్లారిపోయినట్టే.

ప్రతి పిలుపూ మంటల కోసమే రాదు. లిఫ్టులో ఇరుక్కున్నవారు, వానాకాలంలో కూలిన చెట్లు, పాత గోడల కింద పడినవారు. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజాకు చిక్కి చెట్టు కొమ్మన వేలాడే పక్షులు కూడా వీరి లెక్కలోనివే. పక్షి కోసం నిచ్చెన ఎక్కడమేమిటని మేము కొంచెం తేలికగా అన్నాము. "దానికీ ప్రాణమే గద సార్" అన్నారాయన. మేము మరి మాట్లాడలేదు.

మంటల దగ్గర పని మేమనుకున్నట్టు దూరంగా నిలబడి నీళ్లు చల్లడం కాదు. 63 మిల్లీమీటర్ల హోసు గొట్టం 15 మీటర్ల పొడవున నీటితో నిండితే, అందులోని నీరే దాదాపు 47 కిలోల బరువు. దానిని మెట్ల మీదుగా పైకి లాగాలి. వీపున గాలి సిలిండరు, ఒంటి మీద మందపాటి కోటు, కాళ్లకు గమ్‌బూట్లు. సముద్రపు ఉక్కపోతలో ఆ కోటు వేసుకొని పది నిమిషాలు ఊరికే నిలబడితేనే చెమట కారిపోతుంది. లోపల పొగ కమ్మితే తన చేయి తనకే కనబడదు. నేలకు దగ్గరగా వేడీ, పొగా కొంత తక్కువ గనుక వంగి పాకుతారు. తిరిగి రావడానికి దారి చూపేది ఆ గొట్టమే. దానిని తడుముకుంటూ వెనక్కు వస్తారు. సిలిండరులో గాలి తగ్గిపోతే ఈల మోగుతుంది. అది మోగిన తర్వాత కూడా ఇంకొక గది చూసి వద్దామనిపిస్తుందట. అదే తప్పని శిక్షణలో నూరిపోస్తారట.

ఆ ఆవరణలోనే ఒక స్మారకం వున్నది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే నౌకలో నిప్పంటుకున్నది. లోపల పత్తి బేళ్లు, వాటితోపాటు దాదాపు 1,400 టన్నుల మందుగుండు. ఆ సంగతి తెలిసిన తర్వాత కూడా దళంవారు గొట్టాలు వదలలేదు. నౌకలోనికి నీళ్లు పంపుతూనే వున్నారు. సాయంత్రం 4 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు మొదటి పేలుడు, అరగంట లోపునే రెండవది. దళంలో 66 మంది పోయారు. దేశమంతటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక దినంగా జరుపుకునేది వారి జ్ఞాపకార్థమే. మేము అక్కడ నిలబడ్డప్పుడు మా మనస్సు ఆనాటి కిటికీల వద్దకే పోయింది. ఆ మధ్యాహ్నం ఎందరు ఇల్లాళ్లు బండ్లు లెక్కపెట్టి వుంటారో!

ఇది ఏనాటి మాటో అనుకోవద్దు. 2015 మే నెలలో కాల్బాదేవిలో ఒక పాత మేడ తగలబడి కూలిన ప్రమాదంలో నలుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరు అక్కడే, ఇద్దరు కాలిన గాయాలతో ఆసుపత్రిలో. వారిలో దళానికి ముఖ్యాధికారి కూడా వున్నారు.

మీకు అన్నిటికన్నా కష్టం ఏది అని అడిగాము. పొగ అంటారనుకున్నాము. ఆయన మెట్లు అన్నారు. మెట్ల మలుపులో పాత బీరువా, సైకిలు, ఖాళీ గ్యాసు సిలిండరు. దాబా తలుపుకు తాళం. ఆ తాళంచెవి ఎవరి దగ్గర వున్నదో ఎవరికీ తెలియదు. సందు మొదట్లో అడ్డంగా ఆపిన కారు. బండి సందులోకి పోలేక, గొట్టాలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పరుగెత్తేసరికి పోయే నిమిషాలు తిరిగి రావు. "మావోళ్ల చాళ్లలోన గూడ అంతే సార్. చెప్తే కోపం చేస్తరు" అన్నారు.

మేము తల వంచుకున్నాము. మా మేడ మెట్ల కింద మా తాతగారి నవారు మంచం ఆరేళ్లుగా నిలబెట్టి వున్నది. తీసివేయడానికి మనసొప్పక, పెట్టుకోవడానికి చోటు లేక అక్కడ వుంచాము. ఇంటికి రాగానే తీయించాము. మా ఇంట్లో ఇంకా దానిమీద తగవు తెగలేదు.

సెలవు పుచ్చుకుంటుండగానే గంట మోగింది. ఆయన టీ గ్లాసు గోడ మీద పెట్టి, మాతో చెప్పకుండానే పరుగెత్తారు. ఒక బండి గేటు దాటిపోయింది. పైన కిటికీలో ఆ మరాఠీ ఇల్లాలు నిలబడి వున్నది. మేమూ ఆమెతోపాటు గేటు వైపే చూస్తూ నిలబడ్డాము. రెండవ బండి కదలలేదు. ఆమె మావైపు ఒక వేలు చూపి, లోపలికి వెళ్లి స్టవ్ వెలిగించుకున్నది.