నీటి ఒడ్డున కచేరీ హాలు.. ఊరికి గుర్తు కావాలంటే అందం ఒక్కటే చాలదా? బెజవాడ తెలుసుకోవాల్సిన విషయాలివే!

విజయవాడ: బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీదుగా కృష్ణా నది వైపు వెళ్తే తుమ్మలపల్లి కళాక్షేత్రం వస్తుంది. దీని పూర్తి పేరు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం. 17వ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్యది కృష్ణా జిల్లా మొవ్వ. కూచిపూడి ఊరు కూడా ఆ మండలంలోదే.

ఇంత కళ ఉన్నా బయటివాళ్లకు బెజవాడ అంటే గుర్తొచ్చేది దుర్గమ్మ గుడి, ప్రకాశం బ్యారేజీ. మరి ఒక కచేరీ హాలు ఊరికే గుర్తుగా ఎలా మారుతుంది?

సిడ్నీలో ఏం జరిగింది?

ఆస్ట్రేలియాలో సముద్రపు ఒడ్డున ఉన్న సిడ్నీ ఒపేరా హౌస్ 1973లో ప్రారంభమైంది. మొదటి అంచనా 70 లక్షల డాలర్లు. చివరికి అయింది 10.2 కోట్ల డాలర్లు! అందులో ఎక్కువ భాగం లాటరీ టికెట్ల ద్వారా జనం నుంచే వచ్చింది. తెరచాపల్లాంటి పైకప్పులతో దేశానికే గుర్తు అయింది. కానీ కచేరీ హాల్లో శబ్దం బాగోదని, వేదికపై ఒకరి వాద్యం ఇంకొకరికి సరిగా వినపడదని దశాబ్దాలపాటు విమర్శలొచ్చాయి. 2020లో హాలు మూసి, మార్పులు చేసి 2022లో మళ్లీ తెరిచారు.

హాంబర్గ్ లెక్క వేరు

జర్మనీలోని ఎల్బ్ ఫిల్హార్మనీని ఎల్బే నది ఒడ్డున పాత గోదాము మీద కట్టారు. 2017లో తెరిచారు. అది ఓడరేవు కాబట్టి ఓడల హారన్లు మామూలే. ఆ శబ్దం, అదురు లోపలికి రాకుండా 2,100 సీట్ల హాలును మిగతా భవనానికి అంటకుండా 362 స్ప్రింగుల మీద నిలబెట్టారు. ఖర్చు విపరీతంగా పెరిగిందని ఇక్కడా గొడవైంది. అయితే 37 మీటర్ల ఎత్తులో ఉన్న ప్లాజాకు కచేరీ టికెట్ లేనివాళ్లు కూడా వెళ్లి నదిని చూసేలా ఏర్పాటు చేశారు.

మనకేంటి?

బెజవాడలో రోడ్ల మీద హారన్లు, రైళ్ల మోత తెలిసిందే. నదికి అవతల అమరావతి కడుతున్నారు. రేపు ఏ ఒడ్డున కొత్త హాలు వచ్చినా డిజైన్ ఫొటో చూసి మురిసిపోతే సరిపోదు. వీణ మీటితే మైకు లేకుండా వెనక వరుసకు వినపడుతుందా? టికెట్ కొనలేనివాళ్లు కనీసం ఆవరణలో కూర్చోవచ్చా? ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది? శంకుస్థాపనకు ముందే అడగాల్సిన ప్రశ్నలివి. సిడ్నీలో అయినట్టు, కట్టేశాక సరిచేయాలంటే దాదాపు 50 ఏళ్లు పట్టొచ్చు.