బాలింత, పసికందు: తొలి 42 రోజులు

ప్రసవం తర్వాత ఆరు వారాలను వైద్యులు బాలింతకాలంగా లెక్కిస్తారు. కాన్పు నాటికి సుమారు కిలో బరువుండే గర్భసంచి తిరిగి మునుపటి పరిమాణానికి రావడానికి ఇంత సమయం పడుతుంది. మావి ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలను మూసేది గర్భసంచి కండరాల బిగింపే. అది సడలితే రక్తస్రావం ఆగదు. అందుకే బిడ్డ పుట్టగానే తల్లికి గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డ చన్ను చీకినప్పుడు తల్లి శరీరంలో ఊరేదీ ఈ హార్మోనే. పాలిచ్చేటప్పుడు తొలి రోజుల్లో పొత్తికడుపు నొప్పి పుట్టడానికి కారణం అదే.

పసికందుకు వణికి వేడి పుట్టించుకునే శక్తి దాదాపు ఉండదు. మెడ, భుజాల దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వును మండించి వేడి తయారు చేసుకుంటుంది. ఒంటి తడి ఆరేటప్పుడు ఆ వేడి వేగంగా పోతుంది. కాబట్టి పుట్టిన వెంటనే తుడిచి, తల్లి ఛాతీకి ఆనించి పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాలి. స్నానం కనీసం 24 గంటలు ఆగాలి.

గంటలోపే ముర్రుపాలు పట్టాలి. పరిమాణం తక్కువైనా వాటిలోని యాంటీబాడీలు పేగులకు రక్షణనిస్తాయి. తేనె, పంచదార నీళ్లు, ఆముదం పట్టకూడదు. మొదటి వారంలో బిడ్డ బరువు కొంత తగ్గినా రెండు వారాల్లో తిరిగి పుంజుకుంటుంది. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె రాయకుండా పొడిగా ఉంచితే చాలు.

పత్యం పేరుతో బాలింతకు నీళ్లు, కూరలు తగ్గించడం సరికాదు. పాలిచ్చే తొలి ఆరు నెలల్లో రోజుకు 600 కిలోకేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. కాన్పయ్యాక 180 రోజులు ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు వాడాలి.

ఇంటి దగ్గరి సంరక్షణ ఎంత మేలు చేస్తుందో మహారాష్ట్రలోని గడ్చిరోలి చూపింది. అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల సంస్థ 39 గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి పసికందులను చూసుకునేలా స్థానిక మహిళలకు శిక్షణ ఇవ్వగా, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు ఇలా ఇళ్లకు వెళ్తున్నారు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఇంటి కాన్పయితే మొదటి రోజు కూడా తల్లీబిడ్డలను చూస్తారు.

బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, డొక్కలు ఎగరేసినా, మూర్ఛ వచ్చినా, 24 గంటలలోపే పచ్చబడినా ప్రమాదమే. తల్లికి అధిక రక్తస్రావం, జ్వరం, దుర్వాసనతో స్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్ ప్రమాద సూచనలు. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.